పక్క సీట్లో పరీక్షాధికారి

ఆకాశంలో విమానం మోత వినపడితే చాలు... కలకడ అయినా, కుప్పం అయినా పిల్లలు వీధిలోకి పరిగెడతారు. వాళ్లలో ఎవరో ఒకరు 'నేనూ పైలట్‌నవుతా' అంటారు. నిజంగా అవ్వాలంటే? చదువు, డబ్బు, ఆరోగ్యం అన్నీ ఉన్నా చివర్లో ఒక మనిషి ఒప్పుకోవాలి. పక్క సీట్లో కూర్చునే ఎగ్జామినర్‌!

మనదేశంలో కమర్షియల్‌ పైలట్‌ లైసెన్సు ఇచ్చేది డీజీసీఏ. దానికి 200 గంటలు విమానం నడపాలి. వాతావరణం, నావిగేషన్‌, నిబంధనల వంటి రాతపరీక్షల్లో 70 శాతం మార్కులు రావాలి. అసలు పరీక్ష మాత్రం గాల్లోనే.

అంతా సాఫీగా సాగుతుంటుంది. ఎగ్జామినర్‌ ఉన్నట్టుండి ఇంజిన్‌ పవర్‌ తగ్గించేస్తారు. ఇంజిన్‌ ఆగిపోయిందనుకోవాలి... ఇప్పుడేం చేయాలి? కంగారుగా ముందు రేడియో అందుకుంటే పొరపాటే. మొదట విమానాన్ని ఇంజిన్‌ లేకున్నా తేలుతూ దిగే వేగానికి తేవాలి. సెస్నా 172 అయితే సుమారు 65 నాట్లు, అంటే గంటకు 120 కిలోమీటర్లు. ఆపైన గాలివాటం చూసి, దిగడానికి వీలైన మైదానం వెతకాలి. ఇంధనం, స్విచ్‌లు సరిచూడాలి. కబురు చెప్పడం ఆ తర్వాతే. ఎగ్జామినర్‌ గమనించేది ఈ వరసనే.

మనవాళ్లు శిక్షణకు వెళ్లే అమెరికాలో ఇందుకు కొలతలున్నాయి. కమర్షియల్‌ పరీక్షలో విమానాన్ని 50 డిగ్రీలు వాల్చి గుండ్రంగా తిప్పాలి. ఎత్తులో 100 అడుగులు, వేగంలో 10 నాట్లకు మించి తేడా రాకూడదు. వస్తే ఫెయిలేనా? కాదు. వెంటనే దిద్దుకుంటే ఫర్వాలేదు. పట్టించుకోకపోయినా, పదేపదే హద్దు దాటినా ఫెయిల్‌. ఎగ్జామినరే చెయ్యి వేసి విమానాన్ని కాపాడాల్సి వచ్చిందా... ఇక చెప్పేదేముంది!

రన్‌వే దాకా వచ్చాక కుదరదనిపిస్తే మళ్లీ పైకి లేవడాన్ని 'గో అరౌండ్‌' అంటారు. చూసేవాళ్లకది చేతకానితనంలా అనిపిస్తుంది. ఎగ్జామినర్‌కు అది వివేకం. ఎలాగోలా దించేద్దామనుకునే వారితోనే భయం.

ఫెయిలైతే లక్షలు పోసిన అమ్మానాన్నల గుండె జారుతుంది. అయినా దారి మూసుకుపోదు. లోపం సరిదిద్దుకుని మళ్లీ పరీక్షకు రావచ్చు.

2011లో గోవాలో ఒక విమానం ముందు చక్రం మీద దిగింది. ఆ విచారణ కదిలిస్తే నకిలీ మార్కుల పత్రాలతో లైసెన్సులు పొందారన్న ఆరోపణపై కొందరు పైలట్లు అరెస్టయ్యారు. పరీక్షను తప్పించుకుంటే ఏమవుతుందో దేశానికి అప్పుడు తెలిసొచ్చింది.

విమానమెక్కేటప్పుడు పైలట్‌ను మనం పరీక్షించలేం. మన తరఫున ఆ పని ఎవరో ముందే గట్టిగా చేశారన్న నమ్మకంతోనే బెల్టు పెట్టుకుంటాం.