నీటిలోని పది ఎలక్ట్రానులు

రాయ్‌పూరునకు దక్షిణమున నున్న అభన్‌పూరు నుండి వరిపొలముల నడుమ రాజిమునకు సాగు దారిని బోయి, మహానది పైరీ సోంఢూరులను గలుపుకొను సంగమమున స్నానమాడు యాత్రికుడు ఆ నీటిని చల్లనిదనియు, పావనమైనదనియు, దాహము దీర్చునదనియు నెరుగును. కాని అది తన గుండ వెలుగును ఏల సాగనిచ్చునో, ఉప్పును ఏల కరగించుకొనునో, గడ్డకట్టినపుడు మునుగక తేలుట కేమి హేతువో విచారింపబూనినచో, ఆ ప్రశ్నలన్నియు తుదకు ఒక్క అణువునందలి పది ఎలక్ట్రానుల కడకే చేరును.

ఆక్సిజనువి ఎనిమిది, రెండు హైడ్రోజనులవి చెరియొకటి. ఇవి తమకు సాధ్యమైన అమరికలన్నింటిలో మిక్కిలి తక్కువ శక్తి గలదానిని పొందియున్న స్థితిని రసాయనజ్ఞులు భూస్థాయి యందురు. అణుప్రపంచమున శక్తిని కొలుచుటకు వాడు సూక్ష్మమానము ఎలక్ట్రాన్ వోల్టు. భూస్థాయి నుండి నీటి అణువు పై స్థాయి కెక్కుటకు ఇట్టి వోల్టులు సుమారు 7 కావలెను. కంటికి గోచరించు కాంతిలో మిక్కిలి బలమైన ఊదారంగు కిరణకణము సైతము మూడు వోల్టులకు కొంచెము మించి మోయలేదు. సాధారణోష్ణమువలన అణువునకు లభించు శక్తియో, 0.025 మాత్రమే. కాబట్టి నీరు మరగినను, గడ్డకట్టినను, ఎండలో తళతళలాడినను, దాని ఎలక్ట్రానులు భూస్థాయిని విడువవు, వెలుగును మ్రింగవు. లోతైన జలము ఒకింత నీలిమ దాల్చుటకు కారణము ఎలక్ట్రానులు గావు, అణువులోని బంధముల కంపనము ఎర్రని కాంతిని స్వల్పముగ గ్రహించుటయే.

ఈ పదింటిలో రెండు ఆక్సిజను కేంద్రకమును గట్టిగ నంటియున్నవి; వాటిలో నొకదానిని పెరికివేయవలెనన్నచో దాదాపు 540 ఎలక్ట్రాన్ వోల్టులు వెచ్చింపవలెను. తక్కిన ఎనిమిదియు ఆర్బిటాలులనబడు నాలుగు నెలవులలో జంటలుగ వసించును. అందెల్ల వదులైన జంట అణుతలమునకు లంబముగ నుండి, 12.6 వోల్టులకే ఒక ఎలక్ట్రానును విడుచును. అణువు తిన్నని గీతవలె నుండక 104.5 డిగ్రీల కోణమున వంగియుండుటయు ఈ అమరిక ఫలమే: వంగినపుడు ఒక జంట శక్తి గణనీయముగ తగ్గుననియు, అందుచేతనే ఎనిమిది బాహ్య ఎలక్ట్రానులు గల ఇట్టి అణువులు వంగియుండుననియు బ్రిటిష్ రసాయనజ్ఞుడు వాల్ష్ 1953లో విశదపరచెను. వంపువలన ఆక్సిజను వైపు ఋణావేశము, హైడ్రోజనుల వైపు ధనావేశము మొగ్గి, అణువునకు 1.85 డెబైల ద్విధ్రువ భ్రామకము కలుగుచున్నది. తిన్నని రూపము గల బొగ్గుపులుసు వాయువునకు అది శూన్యము. నీటి అణువును అట్లే తిన్ననిదై యుండినచో, ఉప్పులోని అయానులను విడదీసి తనలో నిలుపుకొను సామర్థ్యము దానికి ఇంతగా ఉండెడిది కాదు. మన నెత్తురు గాని, సముద్రము గాని ఇప్పటి రీతిని ఏర్పడియుండవు.

అణువుల సౌష్ఠవమును శాస్త్రీయముగ వాడుకొను విద్యకు మన వాల్తేరు చేసిన సేవ గొప్పది. నాటి కృష్ణాజిల్లా ఆగిరిపల్లిలో 1909లో జన్మించి, 1928లో కలకత్తాలో రామన్ పరిశోధనశాలను జేరిన సూరి భగవంతముగారు, పిదప వాల్తేరునందలి ఆంధ్ర విశ్వకళాపరిషత్తున భౌతికశాస్త్రాచార్యులై, గణితజ్ఞులగు టి. వేంకటరాయుడుగారితో గూడి, సమూహ సిద్ధాంతమును అణువులకును స్ఫటికములకును అన్వయించిరి. ఆ విషయముపై వారిరువురు రచించిన గ్రంథమును విశ్వకళాపరిషత్తే 1948లో ప్రకటించెను. నీటి అణువును దాని అక్షము చుట్టును సగము త్రిప్పినను, రెండు తలములలో దేనియందు ప్రతిబింబింపజేసినను, అది మారదు. ఊరకుండుటను గూడ ఒక క్రియగా గణించినచో ఇవి నాలుగు. ఈ నాలుగింటివలననే, ఏ దీర్ఘగణనమును మొదలిడకమునుపే, దాని ఆర్బిటాలులు నాలుగు తెగలకు మించవనియు, దాని మూడు కంపనములును, అణువులచే చెదరిన కాంతిని పరీక్షించు రామన్ వర్ణపటమున గనబడదగినవనియు తేలిపోవును. ఇంత తక్కువ సామగ్రితో ఇంత నిశ్చయమును సాధించు విచారము భౌతికశాస్త్రమున అరుదు. ఆంధ్రదేశమున జరిగిన శాస్త్రకృషిలో నే నగ్రస్థానమిచ్చునది దీనికే.

అంతకు పూర్వమే, ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకే చెందిన ఐ. రామకృష్ణారావుగారు మంచును, నీటిని, ఆవిరిని వరుసగ రామన్ వర్ణపటముచే పరీక్షించి, ఫలితములను 1934లో లండను రాయల్ సొసైటీ పత్రికలో ప్రకటించిరి. ఆవిరిలో సన్నని రేఖగ నుండునది ద్రవమునందు విశాలమైన పట్టీయై, మంచులో మరింత తక్కువ పౌనఃపున్యమునకు జరుగును. ఒంటరి, జంట, త్రయ అణువుల మిశ్రమమే ఇందుకు కారణమని వారు భావించిరి. అట్లు లెక్కింపదగిన గుంపులు నీటిలో నున్నవని నేటి శాస్త్రజ్ఞు లొప్పుకొనరు. అయినను వారి పరిశీలనము చెక్కుచెదరలేదు. ఒక అణువులోని ఆక్సిజనుపై బంధమున జేరక యున్న ఎలక్ట్రానుల జంట, పొరుగు అణువులోని హైడ్రోజనును తనవైపు లాగగా, ఆ పొరుగు బంధము సడలి మెల్లగ కంపించును. దీనినే హైడ్రోజన్ బంధ మందురు. మంచులో ప్రతి అణువును ఇట్టి బంధములు నాలుగింటిచే నాలుగు దిక్కుల అణువులతో కట్టుబడి, మధ్య ఖాళీలను విడుచుటచేతనే మంచు నీటికంటె తేలికయైనది.

ఇక భూస్థాయి శక్తిని లెక్కించుట మాట. ష్రోడింగర్ 1926లో సమీకరణమును ప్రసాదించెను గాని, పది ఎలక్ట్రానులు పరస్పరము త్రోసికొనుచుండగా దానిని పూర్ణముగ సాధించుట ఎవ్వరికిని అలవికాదు. ప్రతి ఎలక్ట్రానును తక్కిన తొమ్మిదింటి సగటు ప్రభావమున చరించునని భావించు హార్ట్రీ-ఫాక్ పద్ధతి, సుమారు 2080 వోల్టుల మొత్తములో నూటికి 99.5 వంతులు చెప్పగలదు. అది చాలుననిపించును, కాని చాలదు. మిగిలిన అరవంతు 10 వోల్టులు. అణువును మూడు పరమాణువులుగ చీల్చుటకు వలయు శక్తియు సుమారు అంతే. హైడ్రోజన్ బంధమో, 0.2 వోల్టు, అనగా మొత్తములో పదివేలవ వంతు. పది టన్నుల వడ్లలారీని కాటాపై తూచి, అందుండి దిగిన ఒక్క కిలో గింజల తేడాను తప్పులేక పట్టవలసిన సమస్య ఇది. ఆ అరవంతునకై జరిగిన కృషిచేతనే సైద్ధాంతిక రసాయనము ఒక శాస్త్రముగ నిలిచినది. భూస్థాయిలోని ఎలక్ట్రాన్ సాంద్రత యొక్కటే తెలిసినచో అణుధర్మములన్నియు దానివలననే నిర్ణీతమగునని 1964లో హోహెన్‌బర్గ్, కోన్ నిరూపించిరి. కోనునకును, గణనపద్ధతులను సిద్ధపరచిన పోపులునకును 1998లో నోబెల్ బహుమానము లభించెను.

ఒకనాడు పెద్ద యంత్రములకు సైతము కష్టమైన ఈ లెక్క నేడు ఇంటి కంప్యూటరుపై క్షణములలో జరుగును; సై-4 వంటి ఉచిత ప్రోగ్రాములు ఎవరికైనను లభించుచున్నవి. కాలేజీలో రసాయనము చదువుకొను తెలుగు బాలబాలికలారా, పుస్తకములోని 104.5ను కంఠస్థము చేసి ఊరకుండకుడు. అణువును 90 డిగ్రీలనుండి 120 డిగ్రీలవరకు కొంచెము కొంచెముగ వంచుచు, ప్రతిసారి శక్తిని లెక్కించి, గ్రాఫుకాగితముపై గుర్తింపుడు. వక్రరేఖ అడుగంటు తావు 105 డిగ్రీల దరిని పడుటను మీ కంటితో చూడుడు.