గురి చూచుటకు వంగవలెనా?

ఖమ్మం, భద్రాచలం అడవుల అంచున కోయపల్లెలలో విల్లంబులకు అనాదిగా స్థానమున్నది. అమ్ముపుల్ల తిన్నగా ఉన్నదో లేదో పైనుండి చూచిన సరిగా తెలియదు. ఒక కొసను కంటికి చేర్చి దాని వెంబడి చూడవలెను. వడ్రంగి టేకుపలక అంచును చూచుటయు ఇట్లే. ఆ చూపునకు పొడవంతయు కుంచించుకొని కనబడును. అడ్డముగా ఉన్న వంకర మాత్రము కుంచించుకొనదు. అందుచేత వెంటనే పట్టుబడును.

స్నూకర్ ఆటగాడు గడ్డము కర్రకు తగులునంతగా వంగుటలోని రహస్యమిదే. ఈ ఆట 1875లో జబల్పూరులోని ఆంగ్ల సైనికాధికారుల నడుమ పుట్టినది. మన దేశపు పుట్టుక అని చాలమంది ఎరుగరు. దాని బల్ల పొడవు 12 అడుగులు, పాకెట్లు ఇరుకు. పూల్ బల్ల సాధారణముగా 9 అడుగులే, పాకెట్లు వెడల్పు. కనుక పూల్ ఆటగాళ్ళలో చాలమంది పక్కకు తిరిగి, కొంత నిటారుగా నిలుచుట అలవాటు. చిన్న బల్లకు అంత వంగుట ఎందుకని వారి ప్రశ్న.

లెక్క వేసిన సమాధానము దొరకును. పూల్ బంతి వ్యాసము సుమారు 57 మిల్లీమీటర్లు. రెండు బంతుల కేంద్రముల నడుమ 2 మీటర్ల దూరమున్నదనుకొన్నచో, కర్ర 1 డిగ్రీ తప్పినంతనే తెల్లబంతి దారి 35 మిల్లీమీటర్లు పక్కకు పోవును. ఎదురుగా తాకవలసిన బంతి ఓరగా తాకును. రెండవ బంతి అనుకొన్న దారినుండి దాదాపు 37 డిగ్రీలు తొలగిపోవును! పాకెట్ ఎంత వెడల్పయినను ఈ తప్పును కప్పలేదు.

వంగినవానికి రెండు పాదములు, బల్లమీద ఆనిన చేయి కలిసి ముక్కాలిపీటవంటి ఆధారము. కర్ర గడ్డమునకు, ఛాతీకి ఆనును గనుక తల ప్రతిసారి ఒకేచోట నిలుచును. ముంజేయి మాత్రమే ఊగును. ఇంగ్లండు స్నూకర్ క్రీడాకారిణి ఆలిసన్ ఫిషర్ 1995లో అమెరికా వెళ్ళి, ఈ తీరుననే పూల్ ఆడి ఎన్నో బిరుదులు గెలిచినది.

వంగినంతమాత్రాన గురి కుదరదు. కర్ర ఏ కంటి క్రింద ఉండవలెనో తెలియవలెను. రెండు కన్నులు తెరచి, చాచిన బొటనవ్రేలిని దూరపు తాటిచెట్టుకు సరిపెట్టి, ఒక్కొక్క కన్ను మూసి చూడవచ్చును. ఏ కన్ను తెరచియున్నపుడు వ్రేలు చెట్టును వీడదో అదియే గురికన్ను. కొందరికి రెండు కన్నులును సమానముగా పనిచేయును. వారికి కర్ర గడ్డము నడుమ ఉండుట మేలు.

వంగిన చూపునకు బంతుల నడుమ దూరములు సరిగా తెలియవు. కనుక దారిని నిలుచుండియే నిర్ణయించుకొని, ఆ గీత తప్పకుండ వంగవలెను. బంతుల గుంపును చెదరగొట్టు మొదటి దెబ్బ మాత్రము వేరు. దానికి గురికన్న వేగము ముఖ్యము గనుక, చేయి ధారాళముగా ఊగుటకై పూల్ ఆటగాళ్ళు కొంత లేచియే నిలుతురు.