సంవత్సరాది సంకల్పము – వ్రతపాలనము



ఉగాదినాడు అభ్యంగనస్నానము చేసి, నూతన వస్త్రములు ధరించి, వేపపువ్వు పచ్చడి స్వీకరించి, ఆలయములో పంచాంగశ్రవణమునకు కూర్చుండుట మన ఆచారము. సిద్ధాంతిగారు ఆదాయ వ్యయములు, రాజపూజ్య అవమానములు చదువుచుండగా ఎవరి రాశి వచ్చువరకు వారు చెవులు రిక్కించి విందురు. ఈ సంవత్సరము మనకేమి ఇచ్చునని తెలిసికొనగోరుట తప్పు కాదు. కాని ఆ ఉదయముననే దేవుని పీఠము ముందు కూర్చుండి మనము మరియొక మాట పలికియున్నాము. అది సంకల్పము. సంవత్సరము మనకేమి చేయునో అన్న మాట కాదది, మనమేమి చేయుదుమో అన్న మాట. పురోహితుడు చెప్పించగా చెప్పి, అక్షతలతో నీరు విడిచి, లేచినంతనే దానిని మరచిపోవుచున్నాము.

2026 మార్చి 19వ తేదీ గురువారము పరాభవ నామ సంవత్సరాది. 1987లో ప్రభవతో మొదలైన అరువది సంవత్సరముల చక్రములో ఇది 40వది. పేరు విని భయపడినవారు కొందరు మమ్ము ప్రశ్నించిరి. సంవత్సరము పేరు కాలమునకు గుర్తు మాత్రమే. ఆ కాలములో మనము నడుచు నడత మన చేతిలోనిది.

ప్రతి సంవత్సరాది తరువాత వినవచ్చు ప్రశ్న వేరొకటి కలదు. "అయ్యా, ఈ ఏడు పొగాకు మానెదనని దేవుని ముందు అనుకొంటిని. పదునైదు దినములకే తప్పితిని. ఇక నాకు మ్రొక్కుకొను అర్హత ఉన్నదా?" అని అడుగుదురు. ఇది చిన్న ప్రశ్న కాదు. మాట తప్పితిననుకొన్నవాడు దేవుని ఎదుట నిలువ సిగ్గుపడి, క్రమముగా ఆలయమునకు వచ్చుటయే మానుట మేము చూచియున్నాము. పొగాకు పోలేదు సరికదా, భక్తియు పోయినది. కావున నియమము నెట్లు ఎంచుకొనవలెను, ఎట్లు నిలుపుకొనవలెను, తప్పినచో ఏమి చేయవలెను అను మూడు విషయములను శాస్త్రదృష్టితో విచారింతము.

సంకల్పములో ఏమున్నది?

సంకల్పవాక్యమును మనసు పెట్టి వినుడు. మొదట కాలము: బ్రహ్మదేవుని ద్వితీయ పరార్ధము, శ్వేతవరాహ కల్పము, వైవస్వత మన్వంతరము, కలియుగ ప్రథమ పాదము. పిమ్మట దేశము: భరతఖండము, మేరువునకు దక్షిణ దిగ్భాగము, శ్రీశైలమునకు ఏ దిక్కున ఉన్నామో ఆ దిక్కు. విజయవాడవారు ఈశాన్యమందురు, హైదరాబాదువారు వాయవ్యమందురు. తరువాత సంవత్సర, అయన, ఋతు, మాస, పక్ష, తిథి, వార, నక్షత్రములు. ఆపై గోత్రము, పేరు. ఆపై ప్రయోజనము. చిట్టచివర చేయబోవు కర్మ. అనంతమైన కాలమునుండి ఈ దినమునకు, విశాలమైన భూమండలమునుండి మనము కూర్చున్న పీటకు వచ్చి ఆ మాట నిలుచుచున్నది. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు, ఎందులకు, ఏమి అను అయిదింటిలో ఏ ఒక్కటి అస్పష్టముగా ఉన్నను అది కోరిక యగును గాని సంకల్పము కానేరదు.

ఆ వాక్యము చివర "కరిష్యే" అందుము. "కరిష్యామి" అనము. రెంటికిని "చేయుదును" అనియే అర్థము. అయినను క్రియాఫలము చేయువానికే చెందునపుడు ఆత్మనేపదము వాడవలెనని పాణిని మహర్షి విధించెను. "ఈ పని నాది, దీని ఫలము నాది" అని ఒక్క ప్రత్యయముతో ఒప్పుకొనుచున్నాము. భార్య పోరునకో, మిత్రుల హేళనకో తలయొగ్గి పట్టిన నియమము త్వరలో జారిపోవుటకు కారణమిదియే. అందులో "కరిష్యే" లేదు.

జనవరి 1వ తేదీన నియమము పట్టవచ్చునా అని యువకులు అడుగుచున్నారు. ఏ దినమున పట్టినను ఆ దినపు తిథి వార నక్షత్రములే సంకల్పములో పలుకుదురు గదా! మొదలిడిన తేదీలో దోషము లేదు. నిలుపుకొనుటలోనే విషయమంతయు ఉన్నది.

ఎట్టి నియమమును ఎంచుకొనవలెను?

జైమిని మహర్షి పూర్వమీమాంస ఆరవ అధ్యాయములో కర్మాధికారమును విచారించుచు ఒక భేదమును నిరూపించెను. సంధ్యావందనము, అగ్నిహోత్రము వంటి నిత్యకర్మలలో ప్రధానమును విడువక, అంగములను శక్తికొలది చేసినను కర్మ చెల్లును. ఒక ఫలమును కోరి చేయు కామ్యకర్మ అట్లు కాదు. అంగములన్నియు సమకూర్చుకొనగలవాడే దానికి పూనుకొనవలెను. పూనుకొన్న పిదప, కోరిక తీరినను, మనసు మారినను, ముగించియే తీరవలెను.

మన సంవత్సరాది నియమములు ఎక్కువగా ఎందుకు తప్పిపోవుచున్నవో ఇచ్చట తెలియుచున్నది. నిత్యము నడువవలసిన దానిని మనము కామ్యమువలె పట్టుచున్నాము. నాలుగు గంటలకు లేచి, చన్నీటి స్నానము చేసి, సహస్రనామము, గీత ఒక అధ్యాయము, గంట జపము అని ఒక్కసారిగా పెట్టుకొందురు. జ్వరము వచ్చిన నాడు ఒక అంగము పోవును. అంగము పోయినదని అంతయు వదలివేయుదురు. దానికి బదులు ప్రధానమేదో ముందే నిశ్చయించుకొనవలెను. "ప్రతిదినము సూర్యోదయమునకు ముందు స్నానము చేసి దీపము వెలిగింతును" అనునది ప్రధానము. శక్తి ఉన్ననాడు సహస్రనామము, లేనినాడు ఒక్క నమస్కారము. దీపము మాత్రము తప్పరాదు.

రెండవ లక్షణము: నియమము మన చేతిలోని పని కావలెను. "ఈ సంవత్సరము కోపపడను" అనుట సంకల్పము కానేరదు. కోపము మనలను అడిగి రాదు. "కోపము వచ్చినపుడు నోరు తెరువక, లేచి కాళ్లు చేతులు కడుగుకొని, కేశవాది ఇరువదినాలుగు నామములు చెప్పుకొని పిమ్మట మాటలాడుదును" అనుట సంకల్పము. అట్లే "దైవచింతన పెంచుకొందును" అనుటకంటె "స్నానము, దీపారాధన ముగియువరకు సెల్‌ఫోను ముట్టను" అనుట మేలు. సాయంకాలమునకు చేసితినా లేదా అని నిశ్చయముగా చెప్పుకొనవచ్చును.

మూడవ లక్షణము: కాలపరిమితి. మన ఇండ్లలోని పెద్ద ముత్తైదువలకు ఇది చక్కగా తెలియును. ఏ నోము పట్టినను ఏమి ఇవ్వవలెను, ఎన్ని ఇవ్వవలెను, ఎంత కాలము పట్టవలెను, ఉద్యాపనము ఎట్లు చేయవలెను అని ముందుగనే అడిగి తెలిసికొందురు. చాతుర్మాస్యమునందును పెద్దలు ఇదే మార్గమును చూపిరి. శ్రావణమున కూరలు, భాద్రపదమున పెరుగు, ఆశ్వయుజమున పాలు, కార్తికమున పప్పుదినుసులు వర్జింపుమనిరి. నాలుగింటిని నాలుగు నెలలును మానుమనలేదు. నెలకొకటి చాలుననిరి. మనసును అదుపులోనికి తెచ్చు పద్ధతి ఇది.

మాట ఇచ్చుట

శతపథబ్రాహ్మణము వ్రతస్వీకారముతోనే ప్రారంభమగుచున్నది. యజమానుడు ఆహవనీయ గార్హపత్యాగ్నుల నడుమ తూర్పుముఖముగా నిలిచి నీటిని స్పృశించి వ్రతమును గైకొనును. అగ్నిని వ్రతములకు అధిపతిగా సంబోధించి, తాను వ్రతమాచరింతునని చెప్పి, ఆ వెంటనే దానిని చేయగల శక్తి తనకు కలుగుగాక యని ప్రార్థించును. ఈ రెండవ మాటను గమనింపుడు. చేయుదునని మాత్రమే చెప్పి ఊరకుండలేదు. నియమమును పట్టు క్షణముననే తన అశక్తతను దేవతకు విన్నవించుకొనుచున్నాడు. మనము మొదటి మాటను గట్టిగా పలికి రెండవ దానిని వదలివేయుచున్నాము. "స్వామీ, నేను చేయుదును, చేయగల శక్తిని నీవిమ్ము" అని రెండును కలిపి పలికిననాడే సంకల్పము పూర్ణమగును.

యజ్ఞమునకు ఋత్విక్కులను వరించుట ఆరంభము. వ్రతమునకు సంకల్పమే ఆరంభమని ధర్మశాస్త్రకారులు నిర్ణయించిరి. అనగా మాట పలికినంతనే వ్రతము మొదలైనది. ఆ పిమ్మట జాతాశౌచ మృతాశౌచములు వచ్చినను ఆరంభించిన వ్రతము ఆగదు. పూజను ఇతరులచే చేయించి, ఉపవాసాది నియమములను తాను పాటింపవచ్చును. మాటకు అంత బరువున్నది గనుకనే తొందరపడి పలుకరాదు.

ఆటంకము వచ్చినపుడు

శాస్త్రము కఠినమని తలచువారు దాని దయను చూడలేదు. నీరు, దుంపలు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువు ఆజ్ఞ, ఔషధము – ఈ ఎనిమిదియు వ్రతమును భంగపరుపవని పెద్దలు చెప్పియున్నారు. చక్కెరవ్యాధి కలవారు ఉపవాసదినమున మందు మానుట, వైద్యుని మాట త్రోసిపుచ్చుట భక్తి కాదు. మందు వేసికొని, దానికి తగినట్లు పండో పాలో పుచ్చుకొన్నను వ్రతము నిలుచును.

ప్రతినిధి విచారమును ఇట్టిదే. వరిధాన్యము దొరకనిచో నివ్వరి ధాన్యముతో యాగము చేయవచ్చును. ఆవునేయి లేనినాడు నువ్వులనూనెతో దీపము పెట్టవచ్చును. కాని దేవతకు, అగ్నికి, మంత్రమునకు, కర్మకు ప్రతినిధి లేదని, ఫలమును పొందవలసిన యజమానునికి అసలే లేదని మీమాంసకులు తేల్చిరి. ద్రవ్యము మారవచ్చును. నీ బదులు మరియొకడు వ్రతి కాలేడు.

రెండు ధర్మములు ఎదురెదురుగా నిలిచినపుడు ఏమి చేయవలెనో అంబరీషుని కథ చెప్పుచున్నది. శ్రీమద్భాగవతము నవమస్కంధములోని ఈ కథ పోతనామాత్యుని వలన తెలుగువారందరికిని పరిచితమే. ఆ రాజు భార్యతో కూడి ఒక సంవత్సరము ద్వాదశీవ్రతము పట్టెను. వ్రతాంతమున కార్తికమాసములో మూడు రాత్రులు ఉపవసించి, యమునాస్నానము చేసి, మధువనమున శ్రీహరిని అర్చించి, దానములు చేసి పారణకు సిద్ధపడెను. అంతలో దుర్వాసుడు అతిథిగా వచ్చి, భోజనమునకు ఒప్పుకొని, మాధ్యాహ్నికమునకై యమునకు పోయి రాడాయెను. ద్వాదశి అర్ధముహూర్తము, అనగా ఒక్క ఘడియ, ఇరువది నాలుగు నిమిషములు మాత్రమే మిగిలియున్నది. ద్వాదశి దాటినచో వ్రతలోపము. అతిథికంటె ముందు భుజించినచో ధర్మలోపము. రాజు తనకు తోచినట్లు చేయలేదు. పెద్దలను అడిగెను. నీరు త్రాగుట భుజించినట్లును అగును, భుజింపనట్లును అగునని నిర్ణయమాయెను. అంబరీషుడు శ్రీహరిని ధ్యానించి నీరు మాత్రము పుచ్చుకొని అతిథికై నిరీక్షించెను. ముని కోపించి కృత్యను సృజించుట, చక్రము వెంబడింప లోకములన్నియు తిరిగివచ్చి రాజునే శరణు వేడుట మీరెరిగినదే. అంతవరకును, సంవత్సర కాలము, ఆ రాజు అన్నము ముట్టలేదు. వ్రతమును పట్టుకొని అతిథిని కించపరుపలేదు, అతిథి పేరుతో వ్రతమును విడువలేదు. నియమపాలనము చేయుచు ఇంటివారిని నొప్పించువారు ఈ కథను మరల చదువవలెను.

తప్పినచో ఏమి?

ఇక ఆ పొగాకు ప్రశ్నకు వత్తము. కోపము వలనగాని, ఏమరుపాటు వలనగాని, లోభము వలనగాని వ్రతభంగమైనచో మూడు దినములు ఉపవసించుటయో, శిరోముండనమో ప్రాయశ్చిత్తముగా చేసికొని, పిమ్మట మరల వ్రతి కావలెనని ధర్మశాస్త్ర నిబంధములలో కలదు. "మరల వ్రతి" అను మాట యందే ఊరట ఉన్నది. తప్పినవాడు బయటకు పొమ్మని శాస్త్రము చెప్పలేదు, తిరిగి లోనికి రమ్మని దారి చూపినది. ప్రాయశ్చిత్తమును శక్తిననుసరించి గురువునో పెద్దలనో అడిగి నిర్ణయించుకొనవచ్చును. వృద్ధులు, రోగులు ఉపవాసములకు పోరాదు. ఒక పూట జపమో, అన్నదానమో చేసి, ఆ దినముననే నియమమును తిరిగి పట్టవలెను. "వచ్చే ఉగాదికి చూతము" అనుట మాత్రము ప్రాయశ్చిత్తము కాదు. పదునైదవ దినమున తప్పినవానికి పదునాలుగు దినములు నిలిచిన బలము చేతిలోనే ఉన్నది. పతంజలి మహర్షి అభ్యాసము దృఢపడుటకు దీర్ఘకాలము, ఎడతెగమి, ఆదరము అను మూడింటిని చెప్పెను. ఎడమ వచ్చినను ఆదరము పోకున్న, తెగిన దారమును ముడివేసికొనవచ్చును.

అయితే "తప్పినను దారి ఉన్నది గదా" యని తెలిసి తెలిసి తప్పుట వేరు. అది దేవుని మోసగించుట కాదు, తన మాటకు విలువ లేదని తన మనసునకే నేర్పుకొనుట. అట్టివాని మాటను రేపు అతని మనసే నమ్మదు.

ముగింపు కూడ వ్రతములోనిదే

యజ్ఞము ముగిసిన పిదప యజమానుడు మరల అగ్ని ముందు నిలిచి, వ్రతమాచరించితిననియు, చేయగలిగితిననియు విన్నవించును. మొదట భవిష్యత్తులో పలికిన మాటను చివర భూతకాలములో అప్పగించుచున్నాడు. ఉద్యాపనమనగా ఈ అప్పగింతయే. వ్రతము పట్టునపుడు అతడు అసత్యమునుండి సత్యమునకు పోవుచున్నానని పలికెను. విడుచునపుడు సత్యమునుండి అసత్యమునకు పోవుచున్నానని చెప్పుట తగదు గనుక, "నేను ఎవడనో వాడనే అయితిని" అని మాత్రమే పలుకవలెనని శతపథము విధించుచున్నది.

అయ్యప్ప దీక్షలో 41 దినములు పొగాకు ముట్టని వాడు, మాల తీసిన సాయంకాలమే తిరిగి ముట్టించుట చూచుచున్నాము. ఆ 41 దినములు వ్యర్థములని మేమనము. తనకు ఆ శక్తి కలదని అతనికి సాక్ష్యము దొరకినది. మాల తీయుచున్నపుడే "ఇక ఈ నెల" అని చిన్న సంకల్పము ఒకటి చెప్పుకొన్నచో ఆ శక్తి అతనిని విడువదు.

కావున ఈ సంవత్సరాదికి ఒక్క నియమమును ఎంచుకొనుడు. రెండు వలదు. ప్రధానమేదో, ఎంతకాలమో, రోగము వచ్చినపుడు ఏమి చేయుదురో ముందే నిశ్చయించుకొనుడు. ఇంటిలో ఒక పెద్దకు చెప్పుడు. దేవుని ముందు రెండు మాటలును పలుకుడు: చేయుదును, శక్తినిమ్ము. తప్పిననాడే లేచి తిరిగి పట్టుడు. గడువు తీరిననాడు ఆలయమునకు వచ్చి, చేసితినని స్వామికి అప్పగించి, ఒక అతిథికి అన్నము పెట్టుడు. పొగాకు మానలేకపోయినవాడును రావలెను. ముఖ్యముగా అతడే రావలెను.

శ్రీహరి మీకందరకును వ్రతపాలన శక్తిని ప్రసాదించుగాక! స్వస్తి.