నిద్రను గూర్చి కొన్ని పొరపాటు నమ్మకములు

దీపావళి గడువు దగ్గరపడగానే మనవారు అర్ధరాత్రి దాక మగ్గము వదలరు. అడిగినచో, "నాలుగు గంటల నిద్ర చాలును, అలవాటైనది" అందురు. ఇది పొరపాటు. శరీరమునకు నిద్రలేమి అలవాటు కాదు. దాని నష్టము మనకు తెలియకుండ పోవును, అంతే. పెద్దవారికి రోజుకు కనీసము 7 గంటల నిద్ర కావలెను. నిద్ర చాలని కంటికి తెగిన పడుగు పోగు కనబడదు. చీర మడత విప్పినప్పుడు మాకు కనబడును. కూలి తగ్గించి వ్రాయుట మాకును బాధయే.

కొంచెము కల్లో సారాయో పడినచో మంచి నిద్ర పట్టునని కొందరందురు. కునుకు త్వరగా పట్టుట నిజమే. నడిరేయి దాటిన పిమ్మట నిద్ర చెదరుటయు నిజమే. సాయంత్రపు టీ ప్రభావము గూడ పడుకొను వేళ దాక ఒంటిలో నిలుచును. చివరి టీ మధ్యాహ్నముతో ముగించుట మేలు.

గురక గాఢనిద్రకు గుర్తు కాదు. గురక నడుమ ఊపిరి ఆగి ఆగి వచ్చుచు, పగలు మగ్గము మీదనే కునుకు పట్టుచున్నచో వైద్యునికి చూపవలెను.

సెలవునాడు మధ్యాహ్నము దాక పడుకొనినను వారము బాకీ పూర్తిగా తీరదు. ప్రతిదినము ఒకే వేళకు లేచుట ముఖ్యము. నిద్ర రానిచో పక్కపై దొర్లుచు సెల్‌ఫోన్ చూడక, లేచి కొంతసేపు మసక వెలుగున కూర్చుండి, కునుకు వచ్చినప్పుడు పడుకొనుడు.

గడువు చాలనిచో సంఘమునకు ముందే తెలుపుడు. గడువు పెంచుటకు మేము ప్రయత్నింతుము. నిద్ర మాని మాత్రము నేయవలదు.