కొడుకులనే కనెడు తల్లి రొయ్య

తీరపుటిసుకలో ఆలివ్ రిడ్లే తాబేలు పాతిన గ్రుడ్లనుండి, ఇసుక వేడి అధికమైనచో ఆడకూనలును, తగ్గినచో మగకూనలును వెలువడునని తరగతిలో చెప్పుచుండగా, దెందులూరు పిల్లవాడొకడు లేచి, "మరి చెరువుల్లో పెంచే తాబేళ్ళకీ అంతేనాండి మాస్టారూ?" అని అడిగెను. అట్లు కాదు. చీనాదేశమున ఆహారార్థము పెంచెడు మెత్తని పెంకు తాబేలునందు లింగనిర్ణయము వేడిమినిబట్టి గాక క్రోమోజోములనుబట్టి జరుగును. మగదానికి జెడ్-జెడ్ జంటయు, ఆడుదానికి జెడ్-డబ్ల్యు జంటయు నుండుటచే, మనుష్యులలో తండ్రివలన తేలెడు విషయము అచ్చట తల్లివలన తేలును. సరిగా ఈ లెక్కయే మన కొల్లేటి ప్రాంతపు చెరువులు బాగుగా నెరిగిన నీలకంఠ రొయ్యయందును కలదు.

ఆ రొయ్య పట్టుబడిని చూచినవారికి ఈ విషయమందు కుతూహలము కలుగక మానదు. ఒకే దినమున వేసిన సీడు ఒకే మేత మేసినను, మగవానిలో మేలైనవి శరీరముకంటె పొడవైన నీలపు డెక్కలతో బరువుగా పెరుగగా, ఆడవి ఈడు వచ్చినది మొదలు తిన్నదానిలో పెద్ద పాలు గ్రుడ్లకే వెచ్చించుచు చిన్నవిగా మిగిలిపోవును. పిల్లరొయ్యను వెల్లకిల త్రిప్పి చూచిన, అయిదవ జత నడకకాళ్ళ మొదట రంధ్రములున్నచో మగదనియు, మూడవ జత మొదట నున్నచో ఆడదనియు తెలియును గాని, వేలకొలది పిల్లలను అట్లు ఏరుట ఏ రైతుకు సాధ్యము?

ఆ అయిదవ జత కాళ్ళ మొదటనే అసలు రహస్యమున్నది. శుక్రనాళపు కొసనంటియున్న అతిసూక్ష్మమైన గ్రంథి యొకటి మగతనమును శాసించునని, 1954లో ఫ్రెంచి శాస్త్రజ్ఞురాలు షార్నియో-కోటన్, రొయ్యకు దూరపు చుట్టమై సముద్రపుటొడ్డున గంతులిడు ఒక చిన్న జీవియందు కనుగొనెను. వెన్నెముక గల జంతువులలో బీజోత్పత్తియు, మగ హార్మోనును ఒకే అవయవము పనులై యుండగా, రొయ్య జాతియందు ఆ రెండు పనులును రెండు వేరు అవయవములకు పంచబడియున్నవి. కావున బీజకోశము జోలికి పోకయే గ్రంథిని మాత్రము తొలగింప వీలగుచున్నది. ఏలూరు కాలువ మీది లాకు తలుపును ఎత్తుట దించుటలచే నీటి దారి నిర్ణయమగునట్లు, ఈ గ్రంథి యున్నచో దేహము మగదారిని, లేనిచో ఆడదారిని పట్టును. 1980లో అమెరికాలో నాగమినే మొదలగు శాస్త్రజ్ఞులు లేత మగ నీలకంఠములనుండి దీనిని తీసివేసి, అవి ఆడలక్షణములు తాల్చుట చూచిరి.

ఇక ఇజ్రాయేలు శాస్త్రజ్ఞులు అమీర్ సాగీ, డాన్ కోహెన్ 1990లో ప్రకటించిన పని నాకు మిక్కిలి ప్రీతికరమైనది. గ్రంథి పోయి తల్లియైన మగరొయ్య క్రోమోజోములు మాత్రము మారలేదు. అది జెడ్-జెడ్‌గానే యున్నది. దానిని మామూలు మగదానితో, అనగా మరియొక జెడ్-జెడ్‌తో, జతకూర్చినచో సంతానమునకు డబ్ల్యు ఎచ్చటినుండి వచ్చును? పుట్టినవన్నియు మగవే! ఒక్క అవయవమును తీసివేయుటచే ఒక తరమునంతయు నిర్ణయించుట ఎంత పొందికైన ఉపాయము!

అయితే, సూక్ష్మదర్శిని క్రింద లేత రొయ్యకు కత్తి పెట్టుట కష్టము. కొన్ని చచ్చును, కొన్ని సగమే మారును. అందుచే కత్తికి పోటీగా సూది వచ్చినది. గ్రంథి స్రవించెడు ఇన్సులిన్ వంటి హార్మోనునకు మూలమైన జన్యువు ఈ రొయ్యయందు 2009లో తెలిసినది. దాని సందేశమును అణచెడు ద్విసూత్ర ఆర్‌ఎన్‌ఏను పిల్లరొయ్యకు ఎక్కించి, మగదానిని పూర్తిగా గ్రుడ్లు పెట్టెడు తల్లిగా మార్చగలిగినట్లు సాగీ బృందము 2012లో ప్రకటించెను. జన్యువు చెక్కుచెదరదు, అది కొంతకాలము మూగవోవును, అంతే. మార్పు తల్లితోనే ఆగిపోవును. మనము తినెడు కొడుకు రొయ్యకు ఏ మందును తగులదు. చీనా తాబేళ్ళలో ఈస్ట్రడయోల్ హార్మోనుతో జెడ్-జెడ్ తల్లులను చేయుదురు. గణితము అదియే అయినను, సూది పద్ధతియే నాకు నిర్మలముగా తోచుచున్నది.

తరువాతి కథ క్లుప్తము. తెల్లతోక వ్యాధి ఆంధ్రతీరమున నీలకంఠమును కుంగదీసినది. 2009లో వనామీ అను మరియొక రొయ్యకు అనుమతి లభించుటతో చాల చెరువులు దానికి మరలినవి. శాస్త్రము మాత్రము ఆగలేదు: 2016 నాటికి అదే బృందము, ఆడరొయ్యకు గ్రంథికణములనెక్కించి తండ్రిగా మార్చి, వాని సంతతినుండి డబ్ల్యు-డబ్ల్యు తల్లులను సాధించి, కూతుళ్ళనే కనెడు వంశమును నిలిపినది. ఆడవి చిన్నవే యైనను మగవానివలె కలహింపక ఇంచుమించు సమానముగా పెరుగును గనుక, చెరువులో ఒత్తుగా వేయవచ్చునని వారి వాదము.