హోరు, మోత: టోక్యో పెద్దమనిషి ఆల్బములు రెండు

అబూ హలీఫా నుంచి మాట్లాడుతున్నాను. వృత్తిరీత్యా ఐ.టి. కన్సల్టెంటుని, సంగీతం నేర్చుకున్నవాణ్ణి కాదు. కాబట్టి ఈ పూట రాగతాళాల ప్రసక్తి తక్కువ. అసలు నేను చెప్పబోయే సంగీతంలోనే అవి దాదాపుగా లేవు లెండి.

ఇది నా దాకా ఎలా వచ్చిందో ముందు చెప్పాలి. మూడేళ్ళ క్రితం నా ఎడమ చెవిలో సన్నటి కూత మొదలైంది, కీచురాయి దూరి కూర్చున్నట్టు. పగలు ఆఫీసులో తెలియదు. రాత్రి ఇల్లు సద్దుమణిగాక అదొక్కటే వినపడుతుంది. డాక్టరుగారు పరీక్షలు చేసి, దీన్ని టినిటస్ అంటారు, మాత్రలతో పోయేది కాదు, పూర్తి నిశ్శబ్దంలో మాత్రం పడుకోకండి, చిన్నగా ఏదో ఒక చప్పుడు పెట్టుకోండి అన్నారు. వేసవిలో ఆ బాధ లేదు. కువైట్‌లో ఏసీ రాత్రింబవళ్ళు మోగుతూనే ఉంటుంది కదా. నవంబరు చివర్లో చల్లబడి ఏసీ ఆపేశాక మొదలయ్యేది నా కష్టం. అందరూ ఎదురుచూసే చలికాలమంటే నాకు భయం పట్టుకుంది.

ఈ గోడు విని ఆఫీసులో ఒక మలయాళీ కుర్రాడు, "చప్పుడే కావాలంటే టోక్యోలో ఒకాయన ఉన్నాడు సార్" అని నవ్వుతూ రెండు ఆల్బముల పేర్లు రాసిచ్చాడు.

ఆయన అసలు పేరు మసామి అకితా. 1956లో టోక్యోలో పుట్టారు. 1979 నుంచి మెర్జ్‌బౌ అనే పేరుతో రికార్డులు చేస్తున్నారు. కుర్ట్ ష్విట్టర్స్ అనే జర్మన్ చిత్రకారుడు హానోవర్‌లో తన ఇంటి లోపలే పనికిరాని చెక్కలతో, తుక్కుతో ఒక వింత కట్టడం కట్టుకుంటూ పోయాడు. దాని పేరే మెర్జ్‌బౌ. 1943లో బాంబుదాడిలో అది పోయింది. తుక్కుతో ఇల్లు కట్టినట్టే తుక్కు శబ్దాలతో సంగీతం కట్టొచ్చన్నది అకితాగారి ఊహ. మొదట్లో సొంతంగా క్యాసెట్లు చేసి పోస్టులో పంపేవారట. ఇప్పటికి ఆయన ఆల్బములు వందల్లో ఉన్నాయి. 2000లో ఒక ఆస్ట్రేలియా కంపెనీ ఆయనవి 50 సీడీలు ఒకే పెట్టెలో పెట్టి అమ్మింది. కొన్నవాళ్ళు అన్నీ విన్నారో లేదో!

నాకు అందినవి రెండు: 1996లో వచ్చిన 'పల్స్ డీమన్', 2002లో వచ్చిన 'మెర్జ్‌బీట్'.

పల్స్ డీమన్ 73 నిమిషాలు. స్విచ్ వేసినప్పటి నుంచీ గరగర, కీచు, గర్జన. చిన్నప్పుడు రేడియోలో స్టేషను దొరక్క ముల్లు తిప్పుతుంటే వచ్చేదే, వెయ్యింతలు అనుకోండి. సింథసైజర్లు, శబ్దాన్ని చీల్చే పెడళ్ళు, మిక్సరులోంచి బయటికొచ్చిన ధ్వనిని మళ్ళీ మిక్సరులోకే పంపించడం: ఇదీ సరంజామా. పెళ్ళి పందిట్లో మైకు స్పీకరు ముందుకు వెళ్ళినప్పుడు కుయ్యిమంటుంది చూడండి, ఆ పొరపాటునే ఈయన వాయిద్యం చేసుకున్నారు. మెర్జ్‌బీట్ నాటికి పని కంప్యూటరు మీదకి వచ్చింది. అందులో చిన్న చిన్న డ్రమ్ముల ముక్కలు తిరిగి తిరిగి వస్తాయి, వాటి మీద గరగర పూత పూసినట్టుంటుంది. తల ఊపొచ్చు కూడా.

ఇంగ్లీషువాళ్ళు రెండింటినీ నాయిస్ అనే ఒక్క మాటతో సరిపెడతారు. మన దగ్గర మాటలకి కరువా? పిల్లలది గోల, కీచురాళ్ళది రొద, సముద్రానిది హోరు, డప్పులది మోత. ఆ లెక్కన పల్స్ డీమన్ హోరు, మెర్జ్‌బీట్ మోత. మోతకి దెబ్బ ఉంటుంది, దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎదురుచూపు ఉంటుంది. హోరుకి అది లేదు.

మా వృత్తి పద్ధతిలో ఇంకోలా చెప్తాను. సీడీలో సెకనుకి 44,100 అంకెలుంటాయి, ఒక్కో చెవికి. ఫ్లాక్ లాంటి పద్ధతులు వెనకటి అంకెల్ని చూసి తరవాతిది ఊహించి, ఊహ తప్పినంత మేరకే రాసుకుని ఫైలుని చిన్నది చేస్తాయి. వేణువైతే ఊహ బాగా కుదురుతుంది. హోరులో తరవాతి అంకె ఏదైనా కావచ్చు, అందుకే పల్స్ డీమన్ ఎంత నొక్కినా పెద్దగా తగ్గదు. మెర్జ్‌బీట్ తిరిగి తిరిగి వచ్చేదే కదా, బాగా తగ్గాలి అనుకున్నాను. తప్పు. ఫ్లాక్ ఒకసారికి మామూలుగా నాలుగు వేల పైచిలుకు అంకెల్నే చూస్తుంది, అంటే సెకనులో పదోవంతు కూడా కాదు. రెండు సెకన్ల కిందటి డ్రమ్ము దానికి గుర్తుండదు. మన చెవికి గుర్తుంటుంది.

నా చిక్కు అక్కడే వచ్చింది. మెర్జ్‌బీట్ చిన్నగా పెట్టుకుని పడుకుంటే చెవి తరవాతి దెబ్బని లెక్కపెడుతూ కూర్చుంటుంది, నిద్ర రాదు. పల్స్ డీమన్‌లో లెక్కపెట్టడానికేమీ లేదు. అలాగని జోలపాటేం కాదు, ఉన్నట్టుండి గీపెట్టి లేపేస్తుంది. కానీ ఒక రాత్రి దాన్ని బాగా తగ్గించి వింటూ ఉంటే, నా చెవిలో కూత ఎక్కడుందో వెతకాల్సి వచ్చింది. మూడేళ్ళలో మొదటిసారి దాన్ని నేనే వెతికాను. దొరికాక, ఇంతేనా అనిపించింది.

దయచేసి దీన్ని వైద్యం అనుకోకండి. పైగా ఈ సంగీతాన్ని హెడ్‌ఫోన్లలో గట్టిగా పెట్టుకునే పిల్లలుంటే ఒక లెక్క చెప్పండి. 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు హద్దు. ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గరికి వచ్చేసరికి మిగిలేది పావుగంట. పల్స్ డీమన్‌లో పాటలు... పాటలనే అందాం... అన్నీ అయ్యేలోపే ఆ పావుగంట ఖర్చయిపోవచ్చు.

మా అమ్మాయికి ఆరేళ్ళు. మెర్జ్‌బీట్ వస్తుంటే గెంతుతుంది. పల్స్ డీమన్ పెడితే, "నాన్నా, ఏసీ పాడైందా?" అని అడిగింది. మా ఆవిడకి రెండూ ఒకటే. ఈ నవంబరులో ఆవిడే టేబుల్ ఫ్యాను తెచ్చి, గాలి మా మీదకి రాకుండా గోడకేసి తిప్పి పెట్టింది. ఇప్పుడు దాంతోనే పడుకుంటున్నాను.