బ్లాక్‌బర్న్ జారిపోయిన ఏడాది: కొన్ని విశేషాలు

తెలుగు పత్రికలు కోడిగుడ్డు ధర వేసే చోట ‘నెక్’ అన్న పేరు కనిపిస్తుంది. నేషనల్ ఎగ్ కోఆర్డినేషన్ కమిటీ అన్నమాట. గుడ్డు ధరను దళారులు కాక రైతులే నిర్ణయించుకోవాలని 1982లో దాన్ని నిలబెట్టినవారిలో ముందు చెప్పుకోవలసిన పేరు బండా వాసుదేవరావు. హైదరాబాద్‌లో కోళ్ల పెంపకంతో మొదలుపెట్టి, 1971లో వెంకటేశ్వర హేచరీస్ స్థాపించి, పద్మశ్రీ అందుకున్న మనిషి. ఆయన 1996లో కన్నుమూశారు. 2010 నవంబరులో ఆయన కుమార్తె అనురాధా దేశాయ్, కుమారులు వెంకటేశ్ రావు, బాలాజీ రావు నడిపే సంస్థ 2.3 కోట్ల పౌండ్లు పెట్టి ఇంగ్లండ్‌లో ఒక ఫుట్‌బాల్ క్లబ్‌ను కొన్నది. క్లబ్ అప్పులు దానికి అదనం. ప్రీమియర్ లీగ్‌లో భారతీయుల చేతికి వచ్చిన మొదటి క్లబ్ అదే: బ్లాక్‌బర్న్ రోవర్స్. ఏడాదిన్నర గడిచేసరికి ఆ క్లబ్ పై డివిజన్ నుంచి జారిపోయింది. ఆ 2011-12 సీజన్‌లో ఇంగ్లిష్ ఫుట్‌బాల్ అభిమానులు ఇప్పటికీ చెప్పుకునే సంగతులు చాలా ఉన్నాయి.

అసలు జారిపోవడం అంటే ఏమిటి?
ఐపీఎల్‌లో అట్టడుగున నిలిచిన జట్టు వచ్చే ఏడాది మళ్లీ అదే లీగ్‌లో ఆడుతుంది. ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో ఆ వెసులుబాటు లేదు. ప్రీమియర్ లీగ్‌లో 20 జట్లు, ఒక్కో జట్టుకు 38 మ్యాచ్‌లు. చివరి మూడు స్థానాల్లో ఉన్నవి కింది డివిజన్ అయిన చాంపియన్‌షిప్‌కు దిగిపోతాయి, అక్కడి నుంచి మూడు పైకి వస్తాయి. దీన్నే రెలిగేషన్ అంటారు. దిగిన జట్టుకు టీవీ ఆదాయం బాగా పడిపోతుంది. జీతాల భారం ఒక్కసారిగా మీద పడకుండా లీగ్ కొన్నేళ్లపాటు కొంత సొమ్ము ఇస్తుంది. దాన్ని ‘పారాచూట్’ చెల్లింపులంటారు.

ధోవతులు నేసిన ఊరు
బ్లాక్‌బర్న్ లాంకషైర్‌లోని ఒక మిల్లుల పట్టణం. అక్కడి మగ్గాలు నేసిన ధోవతులకు ఒకప్పుడు పెద్ద మార్కెట్టు మన దేశమే. విదేశీ వస్త్ర బహిష్కరణ దెబ్బ తగిలిన ఊళ్లను కళ్లారా చూడాలని 1931 సెప్టెంబరులో గాంధీజీ లాంకషైర్ వెళ్లి, బ్లాక్‌బర్న్ పక్కనే ఉన్న డార్వెన్‌లో మిల్లు కార్మికులను కలుసుకున్నారు. ఎనభై ఏళ్లు గడవకముందే ఆ ఊరి క్లబ్‌ను ఒక భారతీయ సంస్థ కొన్నది. ఇరువైపుల చరిత్ర ఎరిగినవాళ్లకు ఇది చిన్న విషయంగా అనిపించదు.

క్లబ్ చరిత్రా తక్కువది కాదు. పుట్టింది 1875లో. 1888లో ఫుట్‌బాల్ లీగ్‌ను మొదలుపెట్టిన 12 క్లబ్బుల్లో ఒకటి. ఎఫ్.ఏ. కప్ ఆరుసార్లు గెలిచింది, అందులో 1884, 1885, 1886లలో వరుసగా మూడు. 1990ల్లో ఉక్కు వ్యాపారి, ఆ ఊరి బిడ్డ జాక్ వాకర్ తన సంపద దీనిమీద గుమ్మరించాడు. కెన్నీ డాల్‌గ్లిష్ మేనేజర్‌గా, అలన్ షియరర్ 34 గోల్స్ చేయగా, 1994-95లో ప్రీమియర్ లీగ్ గెలిచింది. ఆ సీజన్ చివరి రోజున లివర్‌పూల్‌లో 2-1తో ఓడిపోయి కూడా చాంపియన్ అయింది, ఎందుకంటే అదే సమయంలో మాంచెస్టర్ యునైటెడ్ వెస్ట్ హామ్‌పై గెలవలేక డ్రా చేసుకుంది. తేడా ఒక్క పాయింటు.

అదే క్లబ్ నాలుగేళ్లకే, 1999లో, కింది డివిజన్‌కు దిగింది. ప్రీమియర్ లీగ్ గెలిచిన జట్టు రెలిగేట్ కావడం అదే మొదలు. 2001లో తిరిగి వచ్చి, మరుసటి ఏడాది లీగ్ కప్ కూడా అందుకుంది.

2010లో యాజమాన్యం మారిన నెలకే మేనేజర్ శామ్ అలర్డైస్‌ను తీసేశారు. అప్పుడు జట్టు 13వ స్థానంలో ఉంది, అంటే ప్రమాదంలో లేదు. కోచ్‌గా ఉన్న స్టీవ్ కీన్‌కు పగ్గాలు ఇచ్చారు. సీనియర్ జట్టుకు మేనేజర్‌గా ఆయనకు అదే తొలి బాధ్యత. 2011 మేలో, సీజన్ చివరి రోజున వుల్వ్స్ మీద 3-2తో గెలిచి జట్టు గట్టెక్కింది. ఆ వేసవిలోనే యువ డిఫెండర్ ఫిల్ జోన్స్‌ను మాంచెస్టర్ యునైటెడ్ కొనుక్కుపోయింది. ఈ పేరు గుర్తుంచుకోండి.

ఒకే మ్యాచ్‌లో మూడు పెనాల్టీలు
2011 ఆగస్టులో ఎవర్టన్‌తో సొంత మైదానం ఈవుడ్ పార్క్‌లో బ్లాక్‌బర్న్‌కు రెండు పెనాల్టీలు దొరికాయి. ఒకటి హాయిలెట్, మరొకటి ఫార్మికా కొట్టి రెండూ పోగొట్టారు. ఆఖరి క్షణాల్లో ఎవర్టన్‌కు ఒక పెనాల్టీ వచ్చింది. అర్తేతా గోల్ చేశాడు. 0-1.

ఆ సీజన్‌లో తొలి గెలుపు సెప్టెంబరు 17న, అదీ ఆర్సెనల్ మీద, 4-3 తేడాతో. ఆ నాలుగింటిలో రెండు నైజీరియా ఫార్వర్డ్ యాకుబు చేసినవి, మిగతా రెండూ ఆర్సెనల్ ఆటగాళ్లు తమ వలలోకి తామే పంపుకున్నవి. అక్టోబరులో జట్టు పుణె వచ్చి పుణె ఎఫ్‌సీతో స్నేహపూర్వక మ్యాచ్ ఆడి 3-0తో గెలిచింది.

తనకు తానే అందించుకున్న కార్నర్
నవంబరు 19న విగాన్‌తో ఆట. కార్నర్ కిక్ కొట్టినవాడు, మరొకరు బంతిని తాకేదాకా మళ్లీ తాకకూడదన్నది నియమం. మార్టెన్ గామ్స్ట్ పెడర్సన్ బంతిని చిన్నగా తాకించి, సహచరుడు దాన్ని ముట్టకుండానే తనే ముందుకు తోసుకుపోయి క్రాస్ కొట్టాడు. హాయిలెట్ గోల్ చేశాడు. రిఫరీ గమనించలేదు, గోల్ చెల్లింది. అంతటితో ఆగలేదు. ఓటమి ఖాయమనుకున్న వేళ గోల్‌కీపర్ పాల్ రాబిన్సన్ కూడా అవతలి పెనాల్టీ బాక్స్‌లోకి వెళ్లి, అక్కడ దెబ్బ తిని పెనాల్టీ సంపాదించాడు. 98వ నిమిషంలో యాకుబు దాన్ని గోల్‌గా మలిచాడు. 3-3. వీడియో రిఫరీలు లేని కాలం కాబట్టి ఆ కార్నర్ గోల్ అలాగే నిలిచిపోయింది.

డిసెంబరు 3న స్వాన్సీ మీద నాలుగు గోల్స్ యాకుబు ఒక్కడే చేశాడు. అయినా డిసెంబరు 20న బోల్టన్ చేతిలో సొంత మైదానంలోనే ఓడి, క్రిస్మస్ నాటికి జట్టు పట్టికలో అట్టడుగుకు చేరింది. కీన్ వెళ్లిపోవాలని స్టాండ్‌లలో నినాదాలు హోరెత్తాయి. యాజమాన్యం ఆయన్నే కొనసాగించింది.

ఒక గెలుపు, ఒక టైటిల్
ఇక ఆ సీజన్‌లోకెల్లా పెద్ద విశేషం. 2011 డిసెంబరు 31. చాంపియన్లయిన మాంచెస్టర్ యునైటెడ్‌తో వాళ్ల సొంత మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఆట. యునైటెడ్ మేనేజర్ సర్ అలెక్స్ ఫెర్గూసన్‌కు అది 70వ పుట్టినరోజు. అట్టడుగున ఉన్న బ్లాక్‌బర్న్ వస్తోందంటే గెలుపు నల్లేరు మీద నడక అనుకున్నారు అందరూ. యాకుబు రెండు గోల్స్ కొట్టాడు, యునైటెడ్ ఆటగాడు బెర్బటోవ్ రెండింటితో లెక్క సరిచేశాడు. 80వ నిమిషంలో యువ డిఫెండర్ గ్రాంట్ హ్యాన్లీ తలతో కొట్టిన గోల్‌తో బ్లాక్‌బర్న్ 3-2తో గెలిచింది.

దాని విలువ మేలో తెలిసింది. మాంచెస్టర్ సిటీ, యునైటెడ్ రెండూ 89 పాయింట్ల దగ్గర సమానంగా నిలిచాయి. గోల్ తేడా సిటీకి 64, యునైటెడ్‌కు 56. ఆఖరి క్షణంలో సిటీ ఆటగాడు అగ్యూరో కొట్టిన గోల్‌ను ప్రపంచమంతా గుర్తుపెట్టుకుంది. కానీ ఆ డిసెంబరు రోజున యునైటెడ్ ఒక్క పాయింటు తెచ్చుకున్నా టైటిల్ వాళ్లదయ్యేది. దిగిపోయిన జట్టే ఆ ఏటి చాంపియన్ ఎవరో తేల్చిందనడం అతిశయోక్తి కాదు.

గోల్స్ కొరత కాదు
బ్లాక్‌బర్న్ ఎందుకు దిగిపోయింది? గోల్స్ చేయలేక మాత్రం కాదు. 48 గోల్స్ చేసింది, అందులో 17 యాకుబువి. 36 గోల్స్‌తో స్టోక్ సిటీ, 37తో ఆస్టన్ విల్లా పై డివిజన్‌లోనే నిలిచాయి. స్వాన్సీ, సండర్లండ్, విగాన్ కూడా బ్లాక్‌బర్న్ కంటే తక్కువే చేశాయి. అసలు జబ్బు వెనక వరుసలో ఉంది. ప్రత్యర్థులకు ఇచ్చిన గోల్స్ 78. అంతకన్నా ఎక్కువ ఇచ్చింది వుల్వ్స్ ఒక్కటే, 82. సెప్టెంబరులో ఓడించిన ఆర్సెనలే ఫిబ్రవరిలో 7-1తో చిత్తుచేసింది.

వెనక వరుస ఎలా చెదిరిందో చూడండి. ఫిల్ జోన్స్ వేసవిలోనే వెళ్లాడు. జనవరి చివర న్యూజిలండ్ కెప్టెన్ రయన్ నెల్సన్ టోటెన్‌హామ్‌కు వెళ్లిపోయాడు. ఫిబ్రవరిలో కొండలా నిలిచే క్రిస్ సాంబా రష్యా క్లబ్ అంజీకి వెళ్లాడు. స్కాట్ డాన్‌ను కొని తెచ్చినా, ముగ్గురు పోయిన చోట ఒక్కడు ఏం చేయగలడు? ఆ పతనం గురించి మేనేజర్ మీద, యజమానుల మీద రాసినదంతా ఒక ఎత్తు, ఈ మూడు పేర్లు ఒక ఎత్తు. మైదానంలో జరిగినదానికి మొదటి కారణం ఇదేనని నా గట్టి నమ్మకం.

మైదానంలో కోడి
2012 మే 7. ఈవుడ్ పార్క్‌లో మళ్లీ విగానే ప్రత్యర్థి. క్లబ్ జెండా చుట్టిన కోడిని ఎవరో మైదానంలోకి వదిలారు. కోళ్ల కంపెనీ యజమానుల మీద నిరసన అది. ఆట మధ్యలో ఆగింది. అభిమానుల కోపం న్యాయమైనదే కానీ, బెదిరిపోయిన ఆ మూగప్రాణిని జనం మధ్యలోకి తోయడం మంచి పని కాదు. ఆట ముగిసే ముందు డిఫెండర్ ఆల్కరాజ్ తలతో కొట్టిన గోల్‌తో విగాన్ 1-0తో గెలిచి లీగ్‌లో నిలిచింది, బ్లాక్‌బర్న్ దిగిపోయింది. మొత్తం మీద 8 గెలుపులు, 7 డ్రాలు, 23 ఓటములు, 31 పాయింట్లు, 19వ స్థానం.

కీన్ సెప్టెంబరులో రాజీనామా చేశాడు. తర్వాత వచ్చిన హెన్నింగ్ బెర్గ్‌ను 57 రోజులకే తీసేస్తే ఆయన కోర్టుకెక్కి 22.5 లక్షల పౌండ్లు గెలుచుకున్నాడు. ఆయన తర్వాత మైకేల్ ఆపిల్టన్ 67 రోజులు ఉన్నాడు. 2017లో, చివరి మ్యాచ్ గెలిచి కూడా గోల్ తేడాతో క్లబ్ మూడో డివిజన్‌కు పడిపోయింది. ప్రీమియర్ లీగ్ గెలిచిన జట్టు అంత కిందికి వెళ్లడం అంతకుముందు ఎన్నడూ లేదు. మేనేజర్ టోనీ మోబ్రే ఏడాదికే దాన్ని రెండో డివిజన్‌కు తెచ్చాడు. పై డివిజన్ తలుపు మాత్రం తెరుచుకోలేదు. 2012 మే 13న చెల్సీ చేతిలో 2-1తో ఓడిన ఆటే, 2025 నాటికి కూడా, ప్రీమియర్ లీగ్‌లో బ్లాక్‌బర్న్ ఆడిన చివరి ఆట.